పేరు అడిగి ఇచ్చిన గోలీ

పోయిన నెల మా మేనమామ నర్సయ్య చనిపోతే సూరత్‌లోని వడోద్ వెళ్లాను. నేను చేరేసరికి అన్నీ అయిపోయాయి. వరుస గదుల ముందు చాపలు పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు గోడకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరింట్లోనో కుక్కర్ కూస్తోంది. నేను చెప్పులు విడుస్తుంటే ఒకామె పక్కామెతో, "గీమెనే గదా, గప్పుడు నోరు తెరిచిన పిల్ల," అన్నది. నాకు వినబడుతుందన్న బెరుకు కూడా లేదు. ఇన్నేళ్లు నర్సుగా పనిచేశాను. ఇప్పుడు నర్సింగ్ చదివే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఆ గల్లీలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు సూది వేసే ఉంటాను. అయినా వాళ్ల దృష్టిలో నేను నోరు తెరిచిన పిల్లనే. ఒళ్లు మండింది. చావిల్లు కాకపోతే అక్కడే నాలుగు మాటలు అనేసేదాన్ని. మామ భార్య లక్ష్మత్త నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఆళ్ల మాటలు చెవుల పెట్టుకోకు బిడ్డా. ఆళ్లకేమెర్క," అన్నది. వాళ్లకు తెలియకపోవచ్చు, నాకు మాత్రం అంతా తెలుసు. తిరుగు బస్సు పాండేసర మిల్లుల పక్కనుంచి వస్తుంటే ఆ పాత పుల్లటి వాసన కిటికీలోంచి కొట్టింది. ఇంటికి వచ్చాక కూడా అది ముక్కును వదల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది కరీంనగర్ వైపు నుంచి బతకడానికి సూరత్ వచ్చిన నేత కుటుంబం. నేను పుట్టి పెరిగింది వడోద్‌లోనే. బాపు మరమగ్గాల ఖాతాలో పనిచేసేవాడు; మగ్గాల షెడ్డును అక్కడ ఖాతా అంటారు. అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు లేసు అంటించేది. పక్క గదిలో మామ, లక్ష్మత్త ఉండేవాళ్లు. వాళ్లకు పిల్లలు లేరు కాబట్టి నేను రెండు గదులకూ పిల్లనే. పొయ్యి ఒకటే వెలిగేది, పరుపూ ఒకటే ఉండేది. బాపుది పగటి పాళీ అయితే మామది రాత్రి పాళీ అయ్యేది. పొద్దున బాపు లేచి వెళ్లిన పరుపు మీద మామ వచ్చి వాలేవాడు. ఆ పరుపు చల్లబడటం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ జొన్నరొట్టెలు కొట్టే చప్పుడు, నీళ్ల ట్యాంకరు దగ్గర కేకలు, సందు చివరి మగ్గాల మోత, ఇవేవీ ఆయన నిద్రను చెడగొట్టేవి కావు. చోటు చాలక ఆయన కాళ్ల మీదే పుస్తకం ఆనించి చదువుకునేదాన్ని.

మామ పాండేసరలో ఒక రంగుల మిల్లులో పనిచేసేవాడు. బట్టకు రంగు పట్టించే మిషన్ మీద ఆయన పని. ఆయన గడపలోకి రాకముందే ఆయన వాసన వచ్చేది, పులిసిన మజ్జిగలో సబ్బు కలిపినట్టు. ఎంత రుద్దినా పోయేది కాదు. గోళ్ల కింద చూసి ఆ రోజు మిల్లులో ఏ రంగు నడిచిందో చెప్పేవాళ్లం. ఎర్రరంగు నడిచిన రోజు అత్త ఊరుకునేది కాదు. "ఏందయ్యో, గోరింటాకు పెట్టించుకొని వచ్చినవ్?" అనేది. ఆయన సిగ్గుపడి చేతులు లుంగీలో దాచుకునేవాడు. అన్నంలో పచ్చిపులుసు పోసుకుని, ఉల్లిగడ్డను పిడికిలితో పగలగొట్టుకుని, గోడ వైపు తిరిగి తినేవాడు. ఎవరైనా చూస్తుంటే ముద్ద దిగేది కాదు ఆయనకు. ఎవరేమడిగినా కాదనడం చేతకాదు. ఆ మెతకదనాన్ని గల్లీ అంతా మంచితనం అనేది. నేనూ అనేదాన్ని. ఇప్పుడు అనను.

ఆ మంచితనం సంగతి చెప్పాలి. మిల్లులో కార్డు ఉన్న మనిషి కొన్నాళ్లు ఊరికి పోవలసి వస్తే, తన చోటు పోకుండా ఇంకొకరిని తన పేరు మీద పనిలో నిలబెట్టి పోయేవాడు. దాన్ని బద్లీ అనేవాళ్లు. అంతా మిల్లుకు కూలీలను కుదిర్చే ఠేకేదారుకు తెలిసే జరిగేది. ఆయనకు కావలసింది మిషన్ దగ్గర రెండు చేతులు. అవి ఎవరివైతే ఆయనకేం? మా ఊరివాడే, మామకు చిన్ననాటి దోస్తు, రాజేశం అని ఒకాయన మామకన్నా ముందు ఆ మిల్లులో ఉండేవాడు. ఆయనకు చక్కెర జబ్బు. కాలికి పుండు పడి మానకపోయేసరికి ఊరికి వెళ్లిపోయాడు. వెళ్తూ తన కార్డు మామ చేతిలో పెట్టి, "కాలు మానంగనే వస్త, జర నా పేరు నిలబెట్టు," అన్నాడట. ఆ కాలు మానలేదు, మామ ఆ పేరు దించలేదు. గేటు దగ్గర రాజేశం అని పిలిస్తే పలికేది మా మామే. ఠేకేదారుకు తప్ప మిల్లులో ఎవరికీ ఆయన అసలు పేరు తెలియదు. గల్లీలోకి వచ్చాకే ఆయన నర్సయ్య.

అక్కడితో ఆగినా బాగుండేది. మిల్లులో ఒక దవాఖానా గది ఉండేది. రాజేశం పేరు మీద నెలనెలా చక్కెర గోలీలు అక్కడ ఊరికే ఇచ్చేవాళ్లు. అక్కడి డాక్టరు ముఖం కూడా చూడకుండా పాత చీటీ చూసి రాసిచ్చేవాడు. మామ పాళీ దిగి, ఆ వరుసలో నిలబడి, తనకు లేని జబ్బుకు మందు తీసుకుని, చీర అంచు ముక్కలో మూటగట్టి, ఊరికి పోయేవాళ్ల చేతికిచ్చి రాజేశానికి పంపేవాడు. ఒక్క నెల కూడా తప్పలేదు. దోస్తు మీద ప్రేమతో, తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లి, కాగితం మీద తనను తాను చక్కెర రోగిని చేసుకున్నాడు.

నేను అప్పుడే నర్సింగ్‌లో చేరాను. పెద్ద కాలేజీ ఏమీ కాదు, పై అంతస్తులో ఓ చిన్న స్కూలు. గుజరాతీ పిల్లలు, ఒడియా పిల్లలు, నాలాంటి తెలుగు పిల్లలు ఇరుక్కుని కూర్చునేవాళ్లం. మందుల పాఠం హంసాబెన్ చెప్పేది. ఆమె తెల్లచీర మడత సాయంత్రమైనా నలిగేది కాదు. ఆమె పాఠం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు, ఎందుకంటే అదే పాఠం ఇప్పుడు నేను చెబుతున్నాను. మందు ఇచ్చే ముందు ఐదు సంగతులు సరిచూడాలి. మనిషి సరైనవాడా, మందు సరైనదా, మోతాదు సరైనదా, నోటికా సూదికా, ఇచ్చే దారి సరైనదా, వేళ సరైనదా. అలమారలోంచి తీసేటప్పుడు, కప్పులో వేసేటప్పుడు, సీసా తిరిగి పెట్టేటప్పుడు పైనున్న చీటీ చదవాలి. సందేహం ఉంటే ఇవ్వకూడదు. అన్నిటికన్నా ముందు మనిషి. "పేరు నువ్వు చెప్పకూడదు," అనేది హంసాబెన్. "మీరు ఫలానాయనేనా అంటే జ్వరంలో ఉన్నవాడు దేనికైనా ఊ కొడతాడు. నీ పేరేమిటి అని అడుగు. వాడి పేరు వాడి నోటి నుంచే రావాలి." మంచి మాటే. తన పేరు చెప్పడంలో మనిషికి ఇబ్బందేం ఉంటుందని ఆ పాఠం రాసినవాళ్లు అనుకుని ఉంటారు. వాళ్లెవరూ పాండేసర మిల్లు గేటు దగ్గర నిలబడి ఉండరు.

నేర్చుకున్నదంతా నేను ఇంట్లోవాళ్ల మీద ప్రయోగించేదాన్ని. ఎవరికి తలనొప్పి వచ్చినా పేరు చెప్పందే గోలీ ఇచ్చేదాన్ని కాదు. బాపు విసుక్కునేవాడు. "కన్నతండ్రి పేరు ఎర్క లేదా నీకు? ఏం సదువే గది?" అనేవాడు. అమ్మ దగ్గుమందు అన్నం గరిటెలో పోసుకుంటుంటే లాక్కుని, సీసాతో వచ్చిన కొలత మూతలో పోసి ఇచ్చేదాన్ని. గింతేనా అని ఆమె గొణిగేది. మామ ఒక్కడే బుద్ధిమంతుడైన విద్యార్థి. స్నానం చేసి వచ్చి, నా పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఇయ్యాల ఏ మందు?" అని అడిగేవాడు. చక్కెర గోలీ పాఠం అయిన రోజు కూడా అడిగాడు. ఆ గోలీ పొట్టలో ఉన్న ఒక గ్రంథిని పిండి ఇన్సులిన్ వచ్చేలా చేస్తుందని, తిన్నాడో లేదో కంచం చూశాకే గోలీ ఇవ్వాలని, తినకుండా వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుందని చెప్పాను. "అయితే రాజేశానికి ఫోన్ల చెప్పాలె, తినకుంట ఏసుకోవద్దని," అన్నాడు. చెప్పాడు కూడా.

అంతలో మహమ్మారి వచ్చి పడింది. మొదటిసారి మిల్లులన్నీ మూసేస్తే గల్లీలో ఉన్న ఒంటరి మగవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని నడక మొదలుపెట్టారు. మేం ఉండిపోయాం. మగ్గాలు ఆగిపోయిన ఆ నిశ్శబ్దానికి బాపుకు నిద్ర పట్టేది కాదు. ఊరికి పోయేవాళ్లు లేక రాజేశం గోలీలు మామ ట్రంకుపెట్టెలో ఉండిపోయాయి. మిల్లు మళ్లీ తెరిచాక కూడా రైళ్లు సరిగ్గా లేవు. అయినా మామ నెలనెలా వరుసలో నిలబడటం మానలేదు. తీసుకోకపోతే పేరు కొట్టేస్తారని భయం. తర్వాత రెండోసారి జబ్బు విరుచుకుపడినప్పుడు మా స్కూలు తరగతులు ఆపేసి మమ్మల్ని డ్యూటీలకు పంపింది. నాకు పడింది పాండేసర దగ్గర ఒక పెళ్లిళ్ల హాలు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే వేదిక మీద ఆక్సిజన్ సిలిండర్లు నిలబెట్టారు. స్తంభాలకు చుట్టిన ప్లాస్టిక్ పూలు తీసే తీరిక ఎవరికీ లేదు. కింద మగవాళ్లు, పైన ఆడవాళ్లు. ఖిచిడీ వాసన, ఫినాయిల్ వాసన కలిసిపోయి బట్టలకు పట్టేది. హంసాబెనే మాకు ఇన్‌చార్జి.

ఆ రోజుల్లోనే మామకు జ్వరం వచ్చి ఊపిరి బరువైంది. ఎక్కడా పడకలు లేవు. మిల్లు తన కార్డు ఉన్నవాళ్లకు మాత్రం మా హాలులో చోటు ఇప్పించింది. అలా ఆయన రాజేశం పేరుతో నేను పనిచేసే చోటికే వచ్చాడు. ఆయన వెంట మిల్లు దవాఖానా కాగితం కూడా వచ్చింది. పాత చక్కెర రోగి, రోజూ పొద్దున ఫలానా గోలీ, క్రమం తప్పకుండా తీసుకుంటున్నాడు అని. బాపు నాకు ముందే చెప్పాడు. "ఆడ మామా అని పిలువకు. రాజేశం అనే పోయిండు," అన్నాడు. పేరు సంగతే ఆలోచించాడు కానీ పేరుతో పాటు జబ్బు కూడా వెళ్తుందని ఆయనకెలా తోస్తుంది?

మర్నాడు పొద్దున ట్రే పట్టుకుని ఆయన మంచం దగ్గర చీటీ చదివాను. జ్వరం గోలీ, విటమిను, చక్కెర గోలీ. మాస్కు, అద్దాలు, ఒంటి నిండా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని ఉన్న నన్ను ఆయన గొంతును బట్టి గుర్తుపట్టాడు.

"మామా, గీ గోలీ నీది కాదు. నిన్న గూడ ఇచ్చిండ్రా?"

"ఇచ్చిండ్రు. ఏసుకున్న."

"నీకు చక్కెర లేదు గద, ఎందుకేసుకున్నవ్?"

"లేదు గనకనే ఏసుకున్న. ఉన్నోళ్లకు తగ్గిస్తది, లేనోళ్లకు ఏం జేస్తది?"

నా పక్కన కూర్చుని పాఠం విన్న మనిషి అన్న మాట అది. జబ్బు లేనివాళ్ల జోలికి మందు రాదని చాలామంది అనుకుంటారు. ఆ గోలీకి అంత మర్యాద తెలియదు. ఒంట్లో చక్కెర ఎక్కువుందో తక్కువుందో చూడకుండా అది గ్రంథిని పిండుతూనే ఉంటుంది, ఒకసారి వేసుకుంటే రోజంతా. పైగా ఆయన నోటికి రుచి పోయింది, ఖిచిడీ ముట్టుకోవడం లేదు. చక్కెర ఇంకా కిందికి దిగితే ముందు చెమటలు, వణుకు, ఆ తర్వాత తెలివి పోతుందని వివరంగా చెప్పాను. ఆయన భయపడ్డాడు. కానీ గోలీకి కాదు. నా ప్లాస్టిక్ చేతిని పట్టుకుని, "నోరు తెరవకు బిడ్డా. నేను రాజేశం కాదంటే గీ మంచం పాయె, వాని కార్డు పాయె. వాడొస్తె ఏ మొఖం పెట్టుకొని చూడాలె?" అన్నాడు.

ఆ గోలీ నేను ఇవ్వలేదు. ట్రేలోనే ఉంచుకుని తిన్నగా హంసాబెన్ దగ్గరికి వెళ్లి, ఆయన మా మామ అని, పేరు నర్సయ్య అని, జబ్బు ఆయనది కాదని అంతా చెప్పేశాను. ఆమె కొట్టిపారేయలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. లేచి వచ్చింది. మంచం పక్కన నిలబడి, పాఠంలో చెప్పినట్టే, పేరు తను పలకకుండా అడిగింది. "నామ్ క్యా హై ఆప్‌కా?"

మామ నా వైపు చూడలేదు. "రాజేశం," అన్నాడు.

తండ్రి పేరు అడిగింది. రాజేశం తండ్రి పేరు చెప్పాడు. చక్కెర ఎప్పటి నుంచి అని అడిగింది. తడుముకోకుండా చెప్పాడు. చిన్ననాటి దోస్తు కదా, తెలియనిదేముంది? అయినా ఆమె ఆగకుండా మిల్లు ఠేకేదారుకు ఫోన్ చేసింది. "రాజేశం మావాడే. పాత షుగర్ పేషెంటు. నెలనెలా మా దగ్గరే మందు తీసుకుంటాడు," అన్నాడాయన. ఆ పేరు మీద మా మామను నిలబెట్టిన మనిషే ఆ మాట అన్నాడు. నిజం బయటపడితే తన మెడకు చుట్టుకుంటుంది మరి. ఆ గొంతు ఫోన్‌లో ఎంత నింపాదిగా ఉందో నాకు ఇంకా గుర్తే. ఆ మనిషిని నేను ఈ రోజుకీ క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

"చక్కెర చూడండి బెన్," అని బతిమాలాను. పరీక్ష పట్టీలు కరువుగా ఉన్న రోజులవి. అయినా ఒకటి ఇచ్చింది. వేలు గుచ్చి చూశాను. మామూలు కొలతలో అట్టడుగున ఉంది, ఇంకొంచెం దిగితే ప్రమాదం. అన్నం తినని, చక్కెర జబ్బు లేని మనిషిలో గోలీ ఏం చేస్తోందో ఆ అంకె చెబుతూనే ఉంది. హంసాబెన్ దాన్ని చూసి తేలికపడింది. "చూశావా, మందు ఎంత బాగా పనిచేస్తోందో," అన్నది. సందేహం ఉంటే ఇవ్వకూడదని మీరే చెప్పారు కదా అన్నాను. "నాకు సందేహం లేదు. నీకు ఉంది," అని తన చేత్తోనే గోలీ ఆయన నోట్లో వేసి, నీళ్లు తాగించి, నాలుక కింద చూసింది. సొంత మనుషులని చెప్పుకున్నావు కాబట్టి ఈ హాలులో నువ్వు ఉండకూడదు అని, నన్ను పైన ఆడవాళ్ల దగ్గరికి మార్చింది. అదీ నియమమే. పుస్తకంలో ఉంది.

ఇంటికి వెళ్లి చెబితే బాపు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "ఎవరడిగిండ్రే నిన్ను? గీ వరుసల ఎన్ని రూములు గిట్ల పరాయి పేర్ల మీద నడుస్తున్నయో ఎర్కనా? ఒక్కటి విప్పితే అన్ని ఊడొస్తయ్," అన్నాడు. మామ చచ్చిపోతాడు బాపూ అన్నాను. "గింతంత గోలీకి ఎవ్వడన్న సస్తడా?" అన్నాడు. లక్ష్మత్త తలుపు దగ్గర నిలబడి మా ఇద్దరి ముఖాలూ చూస్తూ ఉండిపోయింది. ఎవరి మాట నమ్మాలో ఆమెకు పాలుపోలేదు. తెల్లారేసరికి విషయం గల్లీ అంతా పాకింది. నీళ్ల ట్యాంకరు దగ్గర నాతో ఎవరూ మాట్లాడలేదు. నర్సు చదువు చదివి మన నోట్లో మన్ను కొట్టొచ్చిందని అనుకున్నారు. అప్పుడు అంటుకున్న పేరే పోయిన నెల కూడా నా చెవిన పడింది.

నా బదులు కింద హాలుకు వచ్చింది నా తోటి పిల్లే. ఒకే బెంచీ మీద చదివాం. ఆమె ఒక్క తప్పు కూడా చేయలేదు. పేరు అడిగింది, చీటీ చదివింది, మింగేదాకా నిలబడింది. కంచాలు మాత్రం ఎవరూ చూడలేదు. మూతపెట్టి వచ్చిన కంచాలు మూతపెట్టే వెళ్లిపోయేవి. ఒక పొద్దున మామ ఒళ్లంతా చెమటతో తడిసి పడుకుని ఉన్నాడు. ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. జ్వరం దిగుతోందని సంతోషించి, తువ్వాలుతో మెడ తుడిచి, నిద్ర చెడగొట్టకూడదని మెల్లగా వెళ్లిపోయింది. చక్కెర పడిపోయినా చెమటే పడుతుందని ఆమే ఒకసారి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంది. కానీ ఆ హాలులో చెమట అంటే శుభవార్త. మంచాల వెంట నడుస్తూ ఎవరికి చెమట పట్టిందా అని చూసేవాళ్లం.

మధ్యాహ్నం అన్నం వేళకు లేపితే లేవలేదు. హంసాబెన్ వేలు గుచ్చి చూస్తే మిషన్‌లో అంకె కూడా రాలేదు, బాగా తక్కువ అని మాత్రం చూపించింది. నరంలోంచి గ్లూకోజు ఎక్కించారు. నన్ను కిందికి పిలిచారు, అప్పుడు మాత్రం నియమం అడ్డురాలేదు. ఎండ వాలే వేళకు ఆయన కళ్లు తెరిచాడు. డాక్టరు వంగి పేరేమిటని అడిగాడు. "రాజేశం," అన్నాడు, నాలుక మడతపడుతూ. డాక్టరు కాగితంలో చూసుకుని, "తెలివి బాగానే ఉంది," అని పక్క మంచానికి వెళ్లిపోయాడు. పాత చక్కెర రోగి, తిండి సరిగ్గా లేక చక్కెర పడిపోయింది అని రాశారు. హంసాబెన్ మెట్ల దగ్గర నన్ను ఆపింది. కళ్లద్దాల వెనక కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నేను అడిగాను కదా. నీ ముందే కదా అడిగాను. ఆయనే చెప్పాడు," అన్నది. ఆమెకు కావలసింది నేను అవుననడం. నేను అనలేదు.

ప్రాణం దక్కింది. కానీ ఆ పొద్దంతా మెదడుకు చక్కెర అందక ఏం పోవాలో అది పోయింది. చేతులు వణికేవి, లుంగీ ముడి వేసుకోలేకపోయేవాడు, అన్నం తిన్న కాసేపటికే తినలేదనేవాడు. మిల్లువాళ్లు ఒకసారి వచ్చి చూసి, రాజేశం ఇక పనికిరాడని కార్డు కొట్టేశారు. ఏ కార్డు కోసం నోరు మూసుకున్నాడో అది నా వల్ల పోలేదు, ఆ గోలీ వల్లే పోయింది. గల్లీకి ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు. అక్కడ ఊళ్లో అసలు రాజేశానికి గోలీలు అందక, కొనుక్కునే దారి లేక, పుండు ముదిరి కాలు తీసేశారు. కావలసిన మనిషికి అందని మందు అక్కరలేని మనిషి గొంతులో పోశాం. ఇంతకన్నా పెద్ద దరిద్రపు పని నా నర్సింగ్ జీవితంలో నేను మళ్లీ చూడలేదు. మామ ఆ తర్వాత చాలా ఏళ్లు గడప దగ్గర కూర్చుని బతికాడు. అత్త లేసు పనితో ఇల్లు నెట్టుకొచ్చింది.

ఇప్పుడు నేను పనిచేసే ఆసుపత్రిలో ప్రతి రోగి మణికట్టుకు పట్టీ ఉంటుంది, మిషన్‌తో చూస్తే పేరు తెర మీదికి వస్తుంది. మిల్లు గేట్ల దగ్గర వేలిముద్రలు అడుగుతున్నారట. నా దగ్గర చదివే పిల్లలు ఐదు సంగతులూ పాటలా అప్పజెబుతారు. అప్పుడు మాకు ఒక పట్టీ కట్టే గతి లేదు, నిజమే. కానీ పట్టీ ఉంటే మాత్రం దాని మీద రాజేశం అని కాక ఇంకేం రాసేవాళ్లు? పిల్లలకు ఈ కథ చెప్పను. మందు ఇచ్చే ముందు కంచం మూత ఎత్తి చూడమంటాను. పక్కన నిలబడ్డది ఎవరైనా సరే, ఇది ఈయనది కాదని ఒక్క మాట అంటే, ముందు గోలీ ఆపి తర్వాత విచారించమంటాను. వాళ్లు తలూపుతారు. మేమూ అప్పుడు అలాగే తలూపాం.

హాలు నుంచి ఆయన్ని ఇంటికి తెచ్చిన మర్నాటి పొద్దున నేను అక్కడే ఉన్నాను. అత్త వేడినీళ్లతో ఒళ్లు తుడిచి, జావ తాగించింది. ఆయన చెప్పినట్టల్లా విన్నాడు. హాలులో ఎవరు పేరు అడిగినా రాజేశం అంటూనే వచ్చాడు. ఇంకా కార్డు పోతుందని భయపడుతున్నాడనే మేం అనుకున్నాం. అత్త లేచి తలుపు మూసి గడియ పెట్టింది. ఎదురుగా కూర్చుని, "ఇగ ఈడ మిల్లోళ్లు లేరు, సిస్టర్లు లేరు. మనమే ఉన్నం. జర నీ పేరు చెప్పయ్యా," అని అడిగింది. ఆయన ఆమెను చూశాడు, నన్ను చూశాడు, మూసిన తలుపు వైపు చూశాడు. నా మెడ మీద చెయ్యి వేసి దగ్గరికి లాక్కుని, చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"నీకొక్కదానికే చెప్తున్న, ఎవ్వలకు చెప్పకు. నా పేరు రాజేశం."